జంతికల గొట్టానికి ముహూర్తపు షాట్

తలపెట్టిన ప్రతి పనికీ ముందు నిలిచే గణనాథునికి, ఇనుముకూ ఇత్తడికీ సమానంగా రూపమిచ్చే విశ్వకర్మకు, పొయ్యి వెలిగించి ఇంటిని నిలిపే తల్లికి, ఈసారి కొంత తల వంచుకునే నమస్కరించి ఈ నాలుగు మాటలూ మొదలుపెడుతున్నాను. కథ మొదలైన తిథి శ్రావణ శుద్ధ దశమి. వేళ ఉదయం, వర్జ్యానికి ముందు.

ఆ ఉదయం నేను వంటింటి అలమరలోంచి నా భార్య జంతికల గొట్టాన్ని తీసి, గుడ్డసంచిలో వేసుకుని, ఆమెతో ఒక్క మాటైనా చెప్పకుండా ఇల్లు దాటాను. ఆమె బాల్కనీలో తులసికి నీళ్ళు పోస్తోంది. మధ్యాహ్నానికల్లా తెచ్చి యథాస్థానంలో పెట్టేస్తాను కదా, చెప్పడమెందుకు అనుకున్నాను. చెబితే వద్దంటుందేమోనన్న శంక ఆ అనుకోవడానికి అడుగున ఎక్కడో ఉంది. దానిని నేను పైకి రానివ్వలేదు.

ఆ గొట్టం సంగతి ముందు చెప్పాలి. అది రెండు చేతులతో అదిమి వత్తే రకం కాదు. మూత నడుమ లావుపాటి ఇత్తడి మర, మర పైన అడ్డంగా ఒక పిడి ఉంటాయి. పిడిని తిప్పుతూ ఉంటే మర కిందికి దిగి పిండిని నెడుతుంది. దానికి బలం అక్కరలేదు, ఓపిక చాలు. నిరుడు ఆషాఢంలో నా భార్య మా అపార్టుమెంటు మెట్ల మీద జారిపడి కుడి మణికట్టు విరగ్గొట్టుకుంది. కట్టు విప్పిన తరువాత కూడా గరిటె తిప్పడానికీ, తల దువ్వుకోవడానికీ చాలాకాలం ఎడమ చేతినే నమ్ముకుంది. ఆ ఏటి కృష్ణాష్టమికి జంతికలు యూసుఫ్‌గూడ మిఠాయి దుకాణం నుంచి వచ్చాయి. కాగితపు పొట్లం విప్పి దేవుడి ముందు పెడుతూ, “ఈ ఏటికి అంగడి సరుకేనయ్యా, సర్దుకో” అని ఆమె స్వామితో అనడం నేను విన్నాను. నవ్వుతూనే అంది. దీపం సరిచేసే నెపంతో చాలాసేపు ముఖం ఇటు తిప్పలేదు.

ఈ ఏడు శ్రావణం ప్రవేశించగానే నా చేత అటక మీది గొట్టాన్ని దింపించింది. చింతపండుతో తోమి, ఎండలో ఆరబెట్టి, పిండి లేకుండానే పిడి తిప్పి చూసుకుంది.

“తిరుగుతోందండీ. నొప్పి లేదు,” అంది. “ఈ అష్టమికి జంతికలు నా చేత్తోనే. సాయం చేస్తానంటూ మీరు మాత్రం వంటింట్లోకి రాకండి.”

రోజూ మధ్యాహ్నం డాక్టరు ఇచ్చిన రబ్బరు బంతిని పిసుకుతూ అష్టమి కోసం ఎదురుచూస్తున్న మనిషి ఆమె. ఆమెకు ఆ గొట్టం అంటే ఏమిటో తెలియక నేను చేసిన పని కాదిది.

ఇక నా సంగతి. కళాశాలలో తెలుగు చెప్పి పదవీ విరమణ చేశాక, ఫిలింనగర్‌లో పౌరాణిక చిత్రాలకూ పాతకాలపు కథలకూ నటీనటుల ఉచ్చారణ దిద్దే పనిలో కుదిరాను. కారు పంపుతామంటారు గానీ నేను సైకిల్ మనిషిని. మధురానగర్ నుంచి బయలుదేరి, జూబిలీహిల్స్ ఎత్తు వచ్చినచోట దిగి నడిపించుకుంటూ పోతాను. ఆ సైకిల్ పుణ్యమా అనే కృష్ణానగర్ సందులోని సైకిల్ షాపు యజమానితో స్నేహం కుదిరింది. ఆయన దగ్గర కడ్డీ బ్రేకుల పాత సైకిళ్ళు చాలా ఉన్నాయి. వెనకటి రోజుల కథ తీసే ప్రతి కంపెనీ వాటినే కిరాయికి తీసుకుపోతుంది. కొందరు కథానాయకుల కంటే ఆ సైకిళ్ళు ఎక్కువ చిత్రాలలో నటించాయి.

అటువంటి చిత్రమొకదాని షూటింగులో ఈ కథకు బీజం పడింది. నటులు మాట్లాడుతుండగానే మాటలు అక్కడికక్కడే రికార్డు చేసే పద్ధతి వారిది. కథానాయకుడు సైకిల్ మీద వచ్చి ఒక దీర్ఘమైన వాక్యం పలకాలి. ‘ణ’కూ ‘న’కూ, ‘శ’కూ ‘స’కూ మధ్య ఉదయమంతా నలిగి, ఎట్టకేలకు ఆయన ఆ వాక్యాన్ని నిర్దోషంగా పలుకుతున్నాడు. నేను కళ్ళు మూసుకుని వింటున్నాను. సరిగ్గా అప్పుడు గోడ అవతల ఠంగు ఠంగున సుత్తి మోగింది.

“సైలెన్స్ అంటే సుత్తికి కూడా సైలెన్సేనండీ!” అని అరిచాడు సౌండు చూసే అతను, చెవులకున్నవి పీకేసి.

గోడ అవతల మా షాపు యజమాని మరో సైకిల్‌ను బాగుచేస్తున్నాడు. పాత సైకిళ్ళలో పెడల్ కాడను ఇరుసుకు పట్టి ఉంచేది వేలెడంత ఇనుప పిన్. కాటర్ పిన్ అంటారు. అది వదులైతే పెడల్ కదలాడుతుంది. తీయాలన్నా దిగగొట్టాలన్నా సుత్తే గతి. కథానాయకుడికి ఆ వాక్యం ఆ రోజు మళ్ళీ కుదరలేదు. మేనేజరు షాపు యజమానిని పక్కకు పిలిచి, వచ్చే షెడ్యూలులో సుత్తి చప్పుడు వినపడితే సైకిళ్ళు వేరేచోట చూసుకుంటామని చెప్పాడు.

“సప్పుడు లేకుంట పిన్ ఎట్ల ఊడుతది సారు? దానికి జోలపాట పాడాల్నా?” అని యజమాని తిరుగు దారిలో నాతో మొరపెట్టుకున్నాడు.

ఆ ప్రశ్న నాలుగు రోజులు నా తలలో తిరిగింది. ఒక మధ్యాహ్నం నా భార్య ఖాళీ గొట్టం పిడిని వ్యాయామంగా తిప్పుతుంటే, మర నిశ్శబ్దంగా దిగడం చూశాను. కొట్టనక్కరలేదు, మరతో నెట్టితే చాలు కదా అని తోచింది. ఆ తోచడం నాదే గానీ చూపించినది ఆమె చేయి. ఆ మాట ఆమెతో అప్పుడే చెప్పివుండవలసింది. చెప్పలేదు. దశమి కోసం పంచాంగం తిరగవేశాను.

షాపులో సంచి విప్పగానే యజమాని తొంగిచూశాడు. “ఏంది సారు, అమ్మగారు టిఫిన్ పంపిండ్రా?”

“టిఫిన్ కాదయ్యా, టిఫిన్ చేసే యంత్రం.”

“గిది మురుకుల గొట్టం గదా! మీ దిక్కు జంతికలంటరు. మరి పిండేది?”

పెడల్ కాడలోని పిన్‌ను చూపించి, ఇదే పిండి అన్నాను. ఆయనకు క్షణంలో అర్థమైంది. “ఓ మామా, జర ఇటు రా, పంతులు సారు తమాషా తెచ్చిండ్రు,” అని వెనక గదిలో లేత్ మెషిన్ నడిపే పెద్దాయనను కేకేశాడు. ఆ సందులో అందరికీ ఆయన మామే. మామ మరను వెలుతురుకు పట్టి చూసి, గుర్రపు నాడా ఆకారంలో ఒక ఇనుప చట్రం చేసి, ఒక కొనకు ఉక్కు మర బిగిస్తే పనిముట్టు సిద్ధమవుతుందన్నాడు. మేము ముగ్గురం సుద్దముక్కతో నేల మీద బొమ్మ గీశాము. మర ఎంత లావుండాలి, పిన్ ఊడి ఎక్కడికి పోవాలి, సైకిల్ గొలుసు అడ్డురాకుండా చట్రం నోరు ఎంత తెరుచుకోవాలి అన్నవన్నీ ఆ బొమ్మ మీదే వాదించుకున్నాము. చాలా ఏళ్ళ తరువాత నాకు ఒక తరగతిగదిలో ఉన్నంత ఆనందం కలిగింది.

అక్కడితో ఆగితే గొట్టం మధ్యాహ్నానికి ఇల్లు చేరేది.

“ఉక్కు మర కోసెటందుకు టైం పడ్తది,” అన్నాడు మామ.

“ఈవేళ దశమి. మళ్ళీ వర్జ్యం వచ్చేస్తోంది. ఈలోగా ఏదో ఒక పని జరిగితీరాలి,” అన్నాను నేను. “ఫిలింనగర్‌లో కథ పూర్తికాకపోయినా ముహూర్తపు షాట్ తీయడం లేదూ? ప్రస్తుతానికి ఈ ఇత్తడి మరే కథానాయకుడనుకోండి.”

“అరే, గదీ మాట!” అని యజమాని తొడ చరిచాడు. “మామా, ఏదన్న ఒకటి కట్టు. సారు క్లాప్ కొడ్తరు.”

ఆ వీధి మనుషులం మేము. ముహూర్తం దాటిపోనివ్వడమంటే మాకు అపశకునం. దేనితో మొదలుపెడుతున్నామన్నది తరువాతి సంగతి. మామ మూలన పడివున్న ఇనుప చట్రమొకటి తెచ్చి, గొట్టం మూతను దానికి తీగతో బిగించి కట్టాడు. యజమాని కొబ్బరికాయ కొట్టి, మర పిడికి కుంకుమ పెట్టాడు. నేను రెండు పానాలను క్లాప్ బోర్డులా తాటించాను. పిడి తిప్పడానికి పట్టు చాలడం లేదని యజమాని దానికి ఒక పొడుగాటి ఇనుప పైపు తొడిగాడు. వద్దనవలసిన చోట నేను, “తిప్పు, తిప్పు” అన్నాను.

మొదటి తిప్పుకు పిన్ కదిలింది. చప్పుడు లేదు. మేము ముగ్గురం ఒకరినొకరు చూసుకుని నవ్వాము. రెండవ తిప్పులో పిడి ఒక్కసారిగా తేలికైపోయింది. మర తిరుగుతోంది గానీ ముందుకు పోవడం లేదు. పిండిని నెట్టడానికి పుట్టిన ఇత్తడి చుట్లు ఇనుము మీద నలిగిపోయి, నల్లటి నేల మీద పసుపుపచ్చని రజను రాలింది.

“కట్,” అన్నాడు యజమాని, అలవాటుగా. ఎవరూ నవ్వలేదు.

మూతలోని చుట్లు కూడా అరిగిపోయాయి. కొత్త మర, కొత్త మూత రెండూ కోయాలి, ఇత్తడి కడ్డీ వెతికి తేవాలి అన్నాడు మామ. “ఫికర్ చెయ్యకుండ్రి సారు, అమ్మగారికి తెల్వకుంటనే అయిపోతది,” అన్నాడు యజమాని. ఆ మాట నాకు ఊరట కలిగించింది. ఊరట కలిగించినందుకే ఇప్పుడు సిగ్గుపడుతున్నాను.

ఆ సాయంకాలం నా భార్య అలమర ముందు నిలబడి అడిగింది. “ఏమండీ, గొట్టం ఏమైనా చూశారా?”

“మెరుగు పెట్టించడానికి ఇచ్చాను,” అన్నాను.

ఒక్క అక్షరం తొట్రుపడకుండా అన్నాను. ఇతరుల నోట మాట నిర్దోషంగా పలికించడం నా వృత్తి.

ఆమె ముఖం వికసించింది. “మీకెలా తోచిందండీ! ఈ ఇంట్లో ఏ వస్తువు ఎక్కడుందో కూడా తెలియని మనిషికి!” అని, ఆ రాత్రి భోజనంలో నేను అడగకుండానే మీగడ పెరుగు వడ్డించింది.

పౌర్ణమి వెళ్ళాక షాపు నుంచి ఫోను వచ్చింది. షెడ్యూలు ముందుకు జరిగి బహుళ పంచమికి వచ్చిపడింది. మామ లేత్ మీద ఒక సెట్టుకు గేట్ల పని నడుస్తోంది. నేను పోయేసరికి ఇద్దరూ నా కోసమే ఎదురుచూస్తున్నారు.

“పండుగ లోపట ఒక్కటే అయితది పంతులూ,” అన్నాడు మామ. “ఉక్కు పానానా, అమ్మ గొట్టమా, నువ్వే చెప్పు.”

షాపు యజమాని పానా కావాలని అడగలేదు. అడిగివుంటే ఎంతో బాగుండేది. ఆయన కోసమే ఒప్పుకున్నానని ఈనాడు చెప్పుకోగలిగేవాణ్ణి. ఆయన తల దించుకుని చక్రం కమ్ములు బిగిస్తూ, “మీ ఇష్టం సారు. పండుగ పండుగనే,” అన్నాడు. నా ఎదుట రెండు ముఖాలు మెదిలాయి. ఒకటి ఇక్కడ ఉంది, నా జవాబు కోసం చూస్తోంది. రెండవది ఇంట్లో ఉంది, నేనేం చేస్తున్నానో దానికి తెలియదు. మరో కారణం కూడా ఉంది, దాచనక్కరలేదు. చప్పుడు లేని పనిముట్టు ఒకటి కనిపెట్టానని నేను అప్పటికే ఆ చిత్రం వాళ్ళ దగ్గర చెప్పుకుని ఉన్నాను.

“ముందు పానా కానివ్వండి,” అన్నాను. ఇంటి మనిషే కదా, సర్దుకుంటుంది అనుకున్నాను. నిరుడు ఆమె దేవుడితో అన్న మాటనే నేను ఆమె మీద ప్రయోగిస్తున్నానని అప్పుడు తట్టలేదు.

పని బాగా కుదిరిందని చెప్పకపోతే అబద్ధమవుతుంది. ఉక్కు మర, అరచేతిలో పట్టేంత చట్రం, పిన్ ఊడి పడడానికి ఒక చిన్న గుంట. మొదటిది కాస్త వంకరగా వచ్చి పిన్ తలను గీరింది. చట్రం మందం పెంచి రెండవది చేశాము. పంచమి నాడు సెట్టులో, కథానాయకుడు అదే వాక్యం పలుకుతుండగా, గోడ అవతల యజమాని ఒక సైకిల్‌కు పిన్ తీసి, మరొకటి ఎక్కించి, బిగించాడు. సౌండు అతను తల ఎత్తి కూడా చూడలేదు. షాట్ అయ్యాక చెప్తే నమ్మక, వచ్చి పనిముట్టును తిప్పి చూశాడు.

“దీని పేరేంటండీ?”

“మురుకుల పానా,” అన్నాడు యజమాని ఛాతీ విరుచుకుని. “సారు ఇంట్ల అమ్మగారి మురుకుల గొట్టం ప్రాణం ఇచ్చి చేసినం.”

అందరూ నవ్వారు. కథానాయకుడు నా చేయి పట్టుకుని ఊపాడు. ఆ పేరు అక్కడే స్థిరపడిపోయింది. యూసుఫ్‌గూడ నుంచి కూడా మరో ఇద్దరు షాపులవాళ్ళు తమకొకటి చేసిపెట్టమని మామను అడిగారు. పిలిచినప్పుడల్లా ఆ పేరు నాకు ఒక అభియోగంలాగే వినపడుతుంది.

సప్తమి నాటి ఉదయం నా భార్య బియ్యప్పిండి జల్లిస్తూ కూర్చుంది. వాము, నువ్వులు, వెన్న ముద్ద చుట్టూ అమర్చుకుంది.

“ఇంకా ఇవ్వలేదా వాడు? రేపే అష్టమి. ఒకసారి పోయి అడగండి,” అంది.

ఇక మరో అబద్ధం చెప్పడానికి నోరు రాలేదు. “మెరుగుకు ఇవ్వలేదు,” అన్నాను. “పాడైపోయింది. నేనే పాడుచేశాను.”

జల్లెడ ఆగింది. “దేనితో?”

“సైకిల్ పిన్ ఊడదీయబోయి.”

“నా జంతికల గొట్టంతోనా?” ఆమె పెదవి చివర నవ్వు రాబోయి రాలేదు. “అడిగితే ఇవ్వననేదాన్నా?”

“ముహూర్తం దాటిపోతుందని...”

“నాకూ ఒక ముహూర్తం ఉంది కదండీ,” అంది. “మీకు తెలుసుగా, ఎప్పుడో.”

వెన్న ముద్ద మీద మూత పెట్టి మళ్ళీ అంది. “మెరుగు పెట్టించడానికి ఇచ్చారని పక్కింటావిడతో గొప్పగా చెప్పుకున్నాను. మా ఆయనకే తోచిందీ అని. ఇప్పుడు ఆవిడకేం చెప్పను?”

మామ ముందు నేను చేసిన ఎంపిక కూడా చెప్పాను. అది చెప్పడమే అన్నిటికంటే కష్టమైంది. ఆమె విని, జల్లెడను ఒకసారి తట్టి పక్కన పెట్టింది. పక్కింటివాళ్ళ గొట్టం తెస్తాను, అది అదిమే రకమైనా నేను వత్తుతాను అన్నాను.

“మీరు వత్తితే అవి మీ జంతికలు,” అంది. కోపంగా అనలేదు. కోపంగా అంటే బాగుండుననిపించింది.

అష్టమి నాడు ఆమె ఆ పిండితోనే చేగోడీలు చేయడానికి కూర్చుంది. వాటికి గొట్టం అక్కరలేదు; పిండిని అరచేతితో పీట మీద పొడుగ్గా సాగదీసి, రెండు కొనలూ కలపాలి. సాగదీయడమంతా మణికట్టు పనే. నేను గుమ్మంలో నిలబడ్డాను. లోపలికి రావద్దని శ్రావణం మొదట్లోనే చెప్పింది కదా, ఆ ఆజ్ఞ ఇంకా అమలులో ఉందో లేదో అడిగే అర్హత నాకు లేకపోయింది. మొదటివి గుండ్రంగా వచ్చాయి. తరువాతివి కోలగా, కొన్ని కొనలు కలవకుండా వచ్చాయి. పళ్ళెం సగం కూడా నిండకముందే ఆమె కుడి చేతిని ఒడిలో పెట్టుకుని, ఎడమ చేత్తో పట్టుకుని కూర్చుంది. పిండి ముద్ద మిగిలిపోయింది.

సాయంకాలం నైవేద్యం పెడుతూ ఈసారి దేవుడితో ఏమీ అనలేదు. ప్రసాదం నా చేతిలో పెట్టింది ఎడమ చేత్తో. ఆచారం తెలిసిన మనిషి ఎడమ చేత్తో ప్రసాదం పెట్టిందంటే కుడి చేయి ఎంత నొప్పిగా ఉందో నేను ఊహించనక్కరలేదు. చేగోడీ కరకరలాడింది. ఉప్పూ కారమూ సరిగ్గా కుదిరాయి. వేడినీళ్ళ గిన్నె నేనే పెట్టి ఇచ్చాను. ఆమె అందులో చేయి ఉంచి, “పొద్దున్నే ఆ షాపతనికి ఫోను చేసి, సైకిళ్ళ షూటింగు బాగా జరిగిందో లేదో కనుక్కోండి,” అంది. ఎగతాళి ఏమోనని ఆమె ముఖం చూశాను. కాదు. నిజంగానే అడిగింది.

బాగా జరిగిందని నాకు అప్పటికే తెలుసు. అయినా మరునాడు ఫోను చేసి, ఆయన చెప్పినదంతా ఆమెకు వినిపించాను. మురుకుల పానా అన్న పేరు వచ్చినచోట ఆగాను. “చెప్పండి, ఏదో మింగుతున్నారు,” అంది. చెప్పాను. “పోనీలెండి, దాని పేరైనా మిగిలింది,” అని బంతి కోసం చేయి చాచింది. ఎడమ చేయే చాచింది.

భాద్రపద శుద్ధ షష్ఠి నాడు మామ కొత్త ఇత్తడి మరను, కొత్త మూతను బిగించి గొట్టాన్ని ఇచ్చాడు. దానిని నేనే ఇంటికి తెచ్చి అలమరలో పెట్టాను. ఆశ్వయుజ శుద్ధ తదియ నాడు నా భార్య కుడి చేత్తో పిడి తిప్పి జంతికలు వత్తింది. మొదటి వాయి కృష్ణానగర్ షాపుకు నా చేత పంపింది.